బుచ్చమ్మని ఎవరైనా అడిగారా?

ముందే చెప్పేస్తున్నా. అటాక్ ఆన్ టైటాన్ చివరి ఎపిసోడ్ ఇంకా చూడనివాళ్లు ఈ పేజీ దాటేయండి. తర్వాత హాస్టల్లో నన్ను పట్టుకుని తిట్టొద్దు.

మొన్న మన క్లబ్బు మీటింగ్‌లో రెండు విషయాలు పెట్టుకున్నాం. మొదటి గంట ఈ ఎనిమే ముగింపులో లాజిక్ ఉందా లేదా అని. రెండో గంట కన్యాశుల్కం. నెల్లిమర్ల నుంచి బస్సెక్కితే అరగంటలో గురజాడ ఇంటి దగ్గర దిగుతాం, మనం చదవకపోతే ఇంకెవరు చదువుతారు అని సెక్రటరీ పట్టుబట్టాడు. రెండింటికీ ఏ సంబంధం లేదనుకునే వెళ్లాను. తిరిగొచ్చాక రాత్రంతా రెండూ కలిసే బుర్రలో తిరిగాయి. అందుకే ఈ వ్యాసం.

ముందు ఎనిమే సంగతి. హజిమె ఇసయామా మాంగా 2009లో మొదలై 2021 ఏప్రిల్‌లో 139వ అధ్యాయంతో ముగిసింది. ఎనిమే 2013 నుంచి 2023 నవంబర్ దాకా నడిచింది. మొదటి ఎపిసోడ్‌లోనే ఒక నవ్వు మొహం టైటాన్ ఎరెన్ కళ్ల ముందు వాళ్లమ్మని తినేస్తుంది. వాడి పగ అక్కడే పుడుతుంది. పదేళ్ల తర్వాత చివర్లో ఆర్మిన్‌తో మాట్లాడుతూ ఎరెన్ ఒక మాట బయటపెడతాడు. ఆ టైటాన్ ఎదురుగా దొరికిన బెర్తోల్ట్‌ని వదిలేసి తమ ఇంటి వైపు వెళ్లడానికి కారణం తనేనట. అంటే కొడుకు పగకి కారణం తల్లి చావు, తల్లి చావుకి కారణం కొడుకు. మరి మొదట ఏది? ఇక్కడే సగం మంది రిమోట్ విసిరేశారు.

నేను విసరలేదు. ఈసీఈ వాళ్లకి సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ గుర్తుండే ఉంటుంది, బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లకి ఇంకా బాగా. అవుట్‌పుట్ ఇప్పటి ఇన్‌పుట్ మీద, గడిచిన ఇన్‌పుట్ మీద మాత్రమే ఆధారపడితే అది కాజల్ సిస్టమ్. రేపు వచ్చే ఇన్‌పుట్ కూడా కావాలంటే నాన్ కాజల్. అలాంటిది రియల్ టైమ్‌లో కట్టలేం అని చెప్పి సార్ ఇంకో మాట కూడా చెప్పారు. సిగ్నల్ మొత్తం ముందే రికార్డయి ఉంటే నాన్ కాజల్ ఫిల్టర్ హాయిగా నడుస్తుంది, ఎందుకంటే అక్కడ "రేపు" కూడా ఫైల్లోనే ఉంటుంది. అటాక్ టైటాన్ ఉన్నవాడు తన తర్వాత వచ్చేవాళ్ల జ్ఞాపకాలు చూడగలడని కథ మనకి ముందే చెప్పింది. ఫౌండర్ శక్తి చేతికొచ్చాక తనకి గతం, భవిష్యత్తు ఒకేసారి కనిపిస్తున్నాయని ఎరెనే అంటాడు. అంటే ఈ కథలో కాలం అనేది రికార్డయిపోయిన ఫైలు. అందుకని తల్లి చావు చుట్టూ తిరిగే ఆ ముడి తప్పు కాదు. కథ తను పెట్టుకున్న రూలు తనే పాటించింది.

మీటింగ్‌లో ఇదంతా చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. నాకు లాజిక్ తెగేది వేరే చోట, అది ఆ రోజు నాకు తట్టలేదు.

ఈ కథలో అన్నిటికీ మొదటి కారణం యమిర్. రాజు ఇంట్లో బానిస పిల్ల. చచ్చిపోయాక కూడా రెండు వేల ఏళ్లు ఆ రాజ వంశం చెప్పిందల్లా చేస్తూ ఉండిపోయింది. టైటాన్లన్నీ ఆమె చేతి మట్టే. ప్రపంచంలో 80 శాతం మందిని తొక్కేసిన నడక కూడా ఆమె చేతుల మీదుగానే జరిగింది. సరే, ఇన్నేళ్లు ఎందుకు ఉండిపోయింది? జవాబు చెప్పేది ఎరెన్. ఆమెకి ఆ రాజు మీద ప్రేమ అంటాడు. ఆ ప్రేమ నుంచి తెంపే మనిషి కోసం ఎదురుచూసింది, ఆ మనిషి మికాసా అంటాడు. తర్వాత మికాసా కూడా ఆమెతో మాట్లాడుతుంది. యమిర్ మాత్రం నోరు విప్పి తన కారణం ఇదీ అని చెప్పదు. మాంగాలో ఎరెన్, ఆర్మిన్‌ల ఆఖరి సంభాషణ మీద గోల అయితే ఎనిమేలో ఆ మాటలు తిరగరాశారు. ఆర్మిన్‌కి మంచి మాటలు దొరికాయి. యమిర్‌కి ఆ తిరగరాతలో కూడా ఏం దొరకలేదు. ప్రూఫ్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన స్టెప్పుని "క్లియర్లీ" అని రాసి దాటేసినట్టుంది నాకు.

ఇది నా తెలివి కాదు. రెండో గంటలో ఒక సెకండియర్ అమ్మాయి అడిగిన ప్రశ్న నుంచి వచ్చింది.

కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. గురజాడ దాన్ని దాదాపు కొత్త నాటకంలా తిరగరాసి 1909లో మళ్లీ అచ్చువేయించారు. మనం చదివేది ఆ రెండోదే. అందులో మధురవాణి బాగా పెరిగింది. ఆఖరి అంకంలో ఆమె మగవేషంలో సౌజన్యారావు పంతులు గారింటికి వెళ్లి చిక్కుముళ్లన్నీ విప్పేస్తుంది. ఒక్క రాత్రిలో అన్నీ సర్దుకోవడం సినిమా క్లైమాక్స్‌లా ఉందని మావాడొకడు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. గిరీశం ఎలాంటివాడో మధురవాణికి మొదటి అంకం నుంచే తెలుసు. లుబ్ధావధాన్లు చంపేశాడంటున్న పెళ్లికూతురు అసలు ఆడపిల్లే కాదనీ తెలుసు, ఆ నాటకంలో ఆమెకీ చెయ్యుంది కాబట్టి. ఆమె చెప్పే ప్రతి మాటకీ వెనక అంకాల్లో కారణం ఉంది. పక్కా కాజల్ సిస్టమ్.

అప్పుడా అమ్మాయి చెయ్యెత్తింది. "అన్నా, మరి బుచ్చమ్మ ఏటంది?"

ఎవరూ మాట్లాడలేదు. సెక్రటరీ పేజీలు తిప్పాడు. నాలుగుసార్లు చదివాను అని చెప్పుకు తిరిగే నాకూ జవాబు లేదు.

బుచ్చమ్మ గిరీశం తియ్యటి మాటలకి పడిపోయి వెళ్లిపోయిన అమాయకురాలని అనుకుంటాం. సగమే నిజం. చెల్లెలు సుబ్బిని పద్దెనిమిది వందలకి ముసలాడికి కట్టబెడుతున్నారు. తల్లి వెంకమ్మ నూతిలో దూకింది. నువ్వు నాతో వచ్చేస్తే ఆ పెళ్లి ఆగిపోతుందని గిరీశం నమ్మించాడు. డబ్బుకి అమ్ముడుపోయి, వితంతువై ఇంటికొచ్చిన అక్క, చెల్లెలికి ఆ గతి పట్టకూడదని గడప దాటింది. ఆ ఇంట్లో సుబ్బి కోసం తన బతుకుని పణం పెట్టిన ఇద్దరిలో ఒకరు తల్లి, రెండోది బుచ్చమ్మ. ఆఖరి రంగంలో ఆమె లేదు. గిరీశం గుట్టు రట్టయింది, బుచ్చమ్మని పూనాలో వితంతువుల ఆశ్రమానికి పంపాలని సౌజన్యారావు గారు నిశ్చయించారు. ఆయన మంచివారు, నిర్ణయమూ మంచిదే. కానీ నువ్వెళ్తావా అమ్మా అని అడిగిన మాట మనకి వినపడదు.

గురజాడకి తెలీక కాదు. 1897 ముందుమాటలో ఆయన లెక్క ఇచ్చారు. అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో నమోదైన కన్యాశుల్కం పెళ్లిళ్లు 1034. అందులో ఏడాది వయసు పిల్లలు ముగ్గురు. అంతమంది తరఫున నాటకం రాసిన మనిషి ఒక్క బుచ్చమ్మకి చివర్లో రెండు మాటలు ఇచ్చుంటే బాగుండేదని నా ఫిర్యాదు. ఊరికే ఉండిపోవడమే ఆమె కాలానికి నిజం అని మా లెక్చరర్ వాదిస్తారు. కావచ్చు. యమిర్ గురించీ ఎనిమే ఫ్యాన్స్ అదే అంటారు. నాకు మాత్రం ఆ వాదన, "రాత అలా ఉంది" అన్న మాట కవలల్లా కనిపిస్తాయి.

ఇంత పట్టుదల ఎందుకంటే, రెండేళ్ల కిందట మా ఇంట్లో అక్క సంబంధం మాట్లాడారు. పెద్దవాళ్లందరూ హాల్లో, అక్క వంటింట్లో. అవతలివాళ్లు "అమ్మాయికి ఇష్టమేనా?" అని అడిగారు, పాపం అడిగారు. మా మావయ్య నా వైపు చూశాడు. "ఇష్టమేనండి" అన్నాను. అడగలేదు. ఆ ముందు రోజు రాత్రి చాలాసేపు మేలుకునే ఉంది, అది మాత్రం చూశాను. పెళ్లయింది, బావ మంచివాడే, ఏ గొడవా లేదు. సౌజన్యారావు గారి లాంటి నిర్ణయమే.

మీటింగ్ అయిన రాత్రి అక్కకి ఫోన్ చేసి అడిగాను, ఆ రోజు నిన్ను అడిగుంటే ఏం చెప్పేదానివి అని. కాసేపు అటు నుంచి చప్పుడు లేదు. "ఇప్పుడు అడుగుతున్నావేట్రా" అంది. కుక్కర్ కూత పెట్టింది. మళ్లీ చేస్తానని పెట్టేసింది. నేను కూడా చూస్తున్నాను.