మ్రోగని ఫోను: దోషమును కనిపెట్టు క్రమము



పైరునకు తెగులు కనబడినప్పుడు చేతికందిన మందుల నన్నిటిని ఒకేమారు చల్లినచో, తెగులు తగ్గినను ఏ మందువలన తగ్గినదో తెలియదు. తగ్గనిచో ఏ మందు వ్యర్థమైనదో తెలియదు. కావుననే మొదట ఆకును త్రిప్పి చూడుడనియు, పిదప మొక్కను పెరికి వేరు చూడుడనియు మేము ప్రదర్శన క్షేత్రములలో చెప్పుచుందుము. ఈ నెల పాఠము పైరును గూర్చినది కాదు. మన యిండ్లలో చేరియున్న స్మార్ట్‌ఫోనును గూర్చినది. అయినను పరీక్షించు పద్ధతి మాత్రము అదియే.

“మాటలాడిన వినబడును, బొమ్మలు కనబడును, కాని ఎవరైనను పిలిచినప్పుడు ఫోను ఒకప్పుడు మ్రోగును, ఒకప్పుడు మ్రోగదు” అని సభ్యులు పలువురు చెప్పుచున్నారు. పూర్తిగా చెడిన వస్తువును వెంటనే బాగుచేయించుకొందుము. అప్పుడప్పుడు చెడు వస్తువును నమ్మి కూర్చుందుము. నష్టము అచ్చటనే కలుగును. 108 వాహనమును గాని, పశువైద్యమునకు 1962 వాహనమును గాని పిలిచిన పిదప, త్రోవ నడుగుటకు వాహనము నడుపువారు మరల మనకు ఫోను చేయుదురు. ఆ పిలుపు మ్రోగనిచో వాహనము పొలిమేరలోనే నిలిచిపోవును. పాము కరచిన మనిషికి గాని, ఈనలేక బాధపడు గేదెకు గాని ఆ పోయిన కాలము తిరిగి రాదు.

మన సభ్యులలో కొందరి బిడ్డలు హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుచున్నారు. 1918లో స్థాపింపబడిన ఆ విశ్వవిద్యాలయపు హాస్టళ్లలో కొందరును, దానిని ఆనుకొనియున్న తార్నాకలో గదులు అద్దెకు తీసికొని కొందరును ఉందురు. తార్నాకకు దగ్గరగా లాలాపేటలో విజయ పాల సహకార సమాఖ్య యుండుటచేత పాలసంఘములవారును ఆ దిక్కునకు పోవుచుందురు. ఇచ్చటినుండి పిలిచిన అచ్చటి ఫోను మ్రోగకున్నను, అచ్చటినుండి పిలిచిన ఇంటి ఫోను మ్రోగకున్నను కలుగు ఆందోళన ఒకటియే. కనుక ఆ ప్రదేశమునే ఉదాహరణముగా గైకొని ఈ పాఠమును చెప్పెదము.

మూడు నాకాలు

“నాకా” యనగా వచ్చుపోవువారిని ఆపి చూచు కాపలా ద్వారము. తార్నాక యను పేరులోను ఆ మాట వినబడుచున్నది. మనకు వచ్చు పిలుపు కూడ మూడు నాకాలను దాటవలెను. మొదటిది టవరు నాకా: పిలుపు గాలిలో మన ఫోనును చేరవలెను. రెండవది ఆజ్ఞల నాకా: చేరిన పిలుపును మ్రోగింపుమనియో, ఊరకుండుమనియో ఫోనునకు మనమే యిచ్చిన ఆజ్ఞ లుండును. మూడవది గంట నాకా: మ్రోగుటకు అనుమతి కలిగిన పిదప శబ్దము బయటికి వచ్చి మన చెవిని చేరవలెను. ఏ నాకాయందు పిలుపు ఆగినదో తెలిసికొనకమునుపే ఫోనును అంగడికి తీసికొనిపోవుట, వేరు చూడక మందు కొనుట వంటిది.

మొదటి ప్రశ్న

ఫోను మ్రోగలేదని తెలిసినతోడనే సెట్టింగులను కదపరాదు. పిలిచినవారిని “మీ చెవికి ఏమి వినబడినది?” అని అడుగవలెను. ఈ యొక్క ప్రశ్న సగము పని చేయును.

ఏలయనగా, మనకు పిలుపు వచ్చినప్పుడు మనమున్న ప్రాంతపు టవర్లన్నియు గ్రామములో దండోరా వేసినట్లు మన ఫోనును పిలుచును. ఫోను “ఇచ్చట నున్నాను” అని బదులు చెప్పి, మ్రోగుటకు సిద్ధమైనట్లు తెలిపిన పిదపనే సాధారణముగా పిలిచినవారికి మ్రోత గాని పాట గాని వినబడును. కాబట్టి,

పిలిచినవారికి “స్విచ్ ఆఫ్ అయినది”, “అందుబాటులో లేదు” అని వినబడినచో దోషము మొదటి నాకాయందు కలదు.

వారికి మ్రోత వినబడి, మన ఫోనులో తప్పిన పిలుపుగా గుర్తు పడియున్నచో దోషము రెండవ నాకాలోనో, మూడవ నాకాలోనో కలదు.

వారికి మ్రోత వినబడియు మన ఫోనులో ఏ గుర్తును లేనిచో, పిలుపు వేరొక నంబరునకు మరలింపబడుచున్నదేమో యని మొదట చూడవలెను.

మొదటి నాకా: టవరు

విశ్వవిద్యాలయమున 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల భవనము రాతి కట్టడము. దళసరి రాతిగోడలు టవరు తరంగములను బలహీనపరచును. అట్టి కట్టడపు లోపలి గదిలో నున్న ఫోను కిటికీయొద్ద మ్రోగి, గది నడుమ మ్రోగకపోవచ్చును. మన పొలములలో మోటారు కొట్టమునకు వేసిన రేకులును ఇదే పని చేయును. రేకుల గది లోపల గూటిలో ఫోను పెట్టి, మ్రోగలేదని కంపెనీని నిందించిన లాభము లేదు. వాకిట చెట్టు క్రింద పెట్టవలెను. భవనములలో వై-ఫై ఉన్నచోట, ఫోనును కంపెనీయు అనుమతించినచో “వై-ఫై కాలింగ్” అను ఏర్పాటును తెరచిన మేలు.

జియో కంపెనీ 2016 సెప్టెంబరులో ఆరంభమైనప్పటినుండియు దానికి పాత 2జి, 3జి టవర్లు లేవు. మాటలు కూడ 4జి, 5జి మార్గములలోనే పోవును. ఫోనులో నెట్‌వర్క్ రకము 2జికో 3జికో మార్చబడియున్నను, “వోల్టీ” అను మీట మూసియున్నను ఆ సిమ్మునకు పిలుపులు సరిగా రావు. పిల్లలు బ్యాటరీ మిగులుటకై ఈ మార్పు చేయుట కలదు, విచారింపవలెను.

రెండు సిమ్ములున్న ఫోనులలో పెక్కింట, ఒక సిమ్ముపై మాటలాడుచుండగా రెండవ సిమ్మునకు వచ్చు పిలుపు అందదు. ఇది రోగము కాదు, ఫోను స్వభావము. రీచార్జి గడువు తీరినచో మొదట మనము పిలుచుటయు, కొన్ని దినములకు మనకు పిలుపు వచ్చుటయు ఆగిపోవును. కనుక గడువు తేదీని గోడమీది పంచాంగమున వ్రాసికొనుడు.

పిలుపులు మరలింపబడుట అన్నిటికంటె ప్రమాదకరమైనది. మోసగాండ్రు బ్యాంకువారమనియో, సరుకు తెచ్చినవారమనియో చెప్పి, నక్షత్రపు గుర్తుతో మొదలగు కొన్ని అంకెలను నొక్కింతురు. దానితో మన పిలుపులు వారికి పోవును; బ్యాంకు రహస్య సంఖ్యను ఫోనులో చదివి వినిపించినను వారికే వినబడును. ఈ మోసములను చూచియే కేంద్ర టెలికాం శాఖ 2024 ఏప్రిల్ 15 నుండి *401# మార్గమున పిలుపులు మరలించు సేవను నిలిపివేయ నాజ్ఞాపించినది. *#21# నొక్కినచో మరలింపు కలదో లేదో కనబడును. ##002# నొక్కినచో మరలింపులన్నియు రద్దగును. ఇవి పనిచేయనిచో ఫోను సెట్టింగులలో “కాల్ ఫార్వర్డింగ్” అనుచోట చూడవలెను. రద్దు చేసిన పిదప, తప్పిన పిలుపులను తెలుపు ఏర్పాటు కూడ ఆగినచో, కంపెనీవారి నడిగి దానిని తిరిగి పెట్టించుకొనవచ్చును. ఎవరో చెప్పిన అంకెలను మాత్రము ఎన్నడును నొక్కరాదు.

రెండవ నాకా: మన ఆజ్ఞలు

చదువుకొను పిల్లల ఫోనులందు దోషము తరచుగా ఇచ్చట నుండును. గ్రంథాలయమునందును పాఠపు వేళను ఫోను మ్రోగరాదు గనుక వారు “డూ నాట్ డిస్టర్బ్” అను నిశ్శబ్దపు ఆజ్ఞ నిత్తురు. దానికి వేళలు కూడ నియమింపవచ్చును. ఒకమారు నియమించినచో ప్రతిదినము ఆ వేళకు తనంతట తానే మౌనము వహించును. నిద్రవేళ, వాహనము నడుపువేళ యను పేర్లతోను ఇట్టి ఏర్పాటులు కలవు. కొన్ని ఫోనులు బల్లపై బోర్లించినంతనే మౌనము వహించును.

ఇందుకు విరుగుడు మౌనమును తీసివేయుట కాదు. తలిదండ్రుల నంబరులను “ఫేవరెట్లు” పట్టికలో చేర్చి, ఆ నంబరులు మాత్రము ఎల్లవేళల మ్రోగునట్లు ఆజ్ఞ నిచ్చుటయే. మరల మరల పిలుచువారిని మ్రోగనిచ్చు ఏర్పాటు కూడ కలదు. అది తెరచియున్నచో, ఆండ్రాయిడ్ ఫోనులలో 15 నిమిషములలోపలను, ఐఫోనులలో 3 నిమిషములలోపలను ఒకే నంబరునుండి రెండవమారు వచ్చిన పిలుపు మౌనవేళలో కూడ మ్రోగును. కనుక “అవసరమైనచో వెంటవెంటనే రెండుమారులు పిలువవలెను” అని ప్రతి కుటుంబమును కట్టుబాటు చేసికొనుట మంచిది.

ఎరుగని నంబరులను మౌనముగా నుంచు ఆజ్ఞ మరియొకటి. పట్టణమున అమ్మకపు పిలుపుల బాధ తప్పుటకు ఇది ఉపయోగపడును గాని, రైతునకు ప్రమాదము. ముందు చెప్పిన 108 వాహనము నడుపువారి నంబరు మన పుస్తకములో నుండదు గదా! పశువైద్యుడును, మార్కెట్టు యార్డువారును క్రొత్త నంబరునుండియే పిలుతురు. వ్యవసాయదారులు దీనిని మూసియుంచుటయే మేలు.

వాట్సాప్ పిలుపు వేరు జాతి. అది ఇంటర్నెట్టు మార్గమున వచ్చును. బ్యాటరీ పొదుపు ఆజ్ఞ ఉన్నచో ఫోను ఆ యాప్‌ను నిద్రపుచ్చును. తెర వెలిగించినప్పుడుగాని పిలుపు వచ్చినట్లు తెలియదు. సెట్టింగులలో ఆ యాప్ యొక్క బ్యాటరీ ఆంక్షను తీసివేయవలెను. అవసరపు వార్తకు సాధారణపు ఫోను పిలుపే నమ్మదగినది.

మూడవ నాకా: గంట

పాటలు గట్టిగా వినబడినంతమాత్రమున గంటకు బలమున్నదని తలంపరాదు. పాటకును గంటకును శబ్దపు కొలతలు వేరువేరు. ప్రక్కమీట నొక్కుకొనిపోయి జేబులో గంట తగ్గుట కలదు. మ్రోతకు పెట్టుకొన్న పాట మెమరీ కార్డులో నున్నచో, కార్డు కదలినప్పుడు మ్రోత పోవచ్చును. ఫోనుతో వచ్చిన మ్రోతనే పెట్టుకొనుడు. బ్లూటూత్ చెవిపోగులు సంచిలో తెరచియున్నచో కొన్ని ఫోనులలో శబ్దము వానిలోనికి పోవచ్చును. ధాన్యపు దుమ్ము, ఎరువు పొడి స్పీకరు రంధ్రములలో చేరినచో మెత్తని పొడి కుంచెతో తుడువవలెను. సూది పెట్టరాదు, నీరు తగులరాదు.

ఏడుదినముల పట్టిక

దోషము అప్పుడప్పుడు కనబడునదైనచో జ్ఞాపకమును నమ్మరాదు. ఒక కాగితముపై దినము, వేళ, ఫోనున్న చోటు, పిలిచినవారికి వినబడినది, మన ఫోనులో కనబడినది అను ఐదు గడులను గీసి ఏడుదినములు వ్రాయుడు. ఒక విద్యార్థి పట్టిక ఇట్లున్నదనుకొందము:

సోమవారము పగలు 11 గంటలు, ఆర్ట్సు కళాశాల లోపలి గది: తండ్రికి “అందుబాటులో లేదు” అని వినబడెను. మంగళవారము అదే వేళ, హాస్టలు వాకిలి: మ్రోగెను. బుధవారము రాత్రి 10.30, తార్నాకలో స్నేహితుని గది: తండ్రికి మ్రోత వినబడెను; ఫోను మ్రోగలేదు, తప్పిన పిలుపు గుర్తుండెను. గురువారము రాత్రి 9, అదే గది: మ్రోగెను. శుక్రవారము రాత్రి 11, హాస్టలు: బుధవారమువలెనే. శనివారము సాయంకాలము, త్రోవలో, చెవిపోగులు సంచిలో: తండ్రికి మ్రోత వినబడెను, కుమారునికి వినబడలేదు. ఆదివారము పగలు, హాస్టలు: మ్రోగెను.

చూచితిరా? ఒక దోషమనుకొన్నది మూడు దోషములు. సోమవారపుది గోడ, బుధ శుక్రవారములది రాత్రి 10 గంటలకు మొదలగు మౌనవేళ, శనివారపుది బ్లూటూత్. మూడును కలిసి వచ్చుటచేతనే ఫోను నడత నియమము లేనిదిగా తోచెను. పట్టికలో విడదీసినంతనే దేని నియమము దానికి కనబడినది. ఇక సరిదిద్దునప్పుడు ఒక్కొక్క మార్పునే చేసి, పొరుగువారి ఫోనునుండి పిలిపించి చూచి, పిదప రెండవ మార్పునకు పోవలెను.

విత్తనమా, భూమియా?

ఇంతటితోను తెలియనిచో, మొలకరాని విత్తనమును వేరొక మడిలో వేసి చూచునట్లు, మన సిమ్మును నమ్మకమైన ఇంటివారి ఫోనులో కొద్దిసేపు పెట్టి, వారి సిమ్మును మన ఫోనులో పెట్టి చూడవలెను. దోషము సిమ్ము వెంట పోయినచో కంపెనీవారి యొద్దకును, ఫోనులోనే నిలిచినచో బాగుచేయువారి యొద్దకును పోవలెను. “అంతయు తుడిచివేసిన బాగగును” అని అంగడివాడు చెప్పినను, నంబరులను, ఫోటోలను వేరొకచోట భద్రపరచకమునుపు ఒప్పుకొనరాదు. అది కడపటి వైద్యము.

ఈ నెలలో ప్రతి సభ్యుడును మూడు పనులు చేయవలెనని కోరుచున్నాము: పిలుపులు మరలింపబడియున్నవేమో చూచుట, ఎరుగని నంబరులను మౌనపరచు ఆజ్ఞ ఉన్నచో మూయుట, దూరముననున్న బిడ్డలతో రెండుమారులు పిలుచు కట్టుబాటు చేసికొనుట. చదువురాని సభ్యులకు చదువువచ్చినవారు తోడ్పడవలెను. పొరుగువాని ఫోను సరిగా మ్రోగుట మన అవసరమునకును పనికివచ్చును. సహకారమనగా నదియే గదా.