గ్యాస్ కొట్టేవాడికి ఎండాకాలమే, లీక్ పట్టేవాడికి ఏడాదంతా పని

ఏప్రిల్ వచ్చిందంటే కామారెడ్డి మెకానిక్ షెడ్లలో ఎక్కడ చూసినా ఒకటే మాట: "అన్నా, ఏసీ సల్లగ వస్తలేదు, జెర గ్యాస్ కొట్టు." గిరాకీ అడిగాడు కదా అని గేజ్ తగిలించి, గ్యాస్ కొట్టి పంపేస్తే ఆ పూటకు డబ్బులు వస్తాయి. నెల తిరక్కుండానే అదే బండి మళ్లీ వస్తుంది, ఈసారి గొడవతో. కారు ఏసీలో గ్యాస్ పెట్రోల్‌లాగా ఖర్చయ్యేది కాదు. రబ్బరు పైపుల గుండా ఏళ్ల మీద కాస్త తగ్గితే తగ్గొచ్చు గానీ, ఒక్క సీజన్‌లో అయిపోయిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే. కారు ఏసీ పని నేర్చుకుందామనుకునే కామారెడ్డి, ఎల్లారెడ్డి యువకులు మొదట మనసులో పెట్టుకోవాల్సింది ఇదే. గ్యాస్ నింపడం వారంలో వస్తుంది. అది ఎందుకు పోయిందో చెప్పగలిగినవాడికే జీతం పెరుగుతుంది.

ముందు పైపులు ముట్టి చూడండి

రంజన్‌లో నీళ్లు చల్లబడేది ఎందుకు? పైకి ఊరిన తడి ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది కాబట్టి. కారు ఏసీ చేసేదీ అదే. కాకపోతే ఆవిరైనదాన్ని బయటికి పోనివ్వకుండా మళ్లీ ద్రవంగా మార్చి తిప్పుతుంది. మన దగ్గర చాలా కార్లలో ఉండే ఆర్-134ఏ గ్యాస్ మామూలు గాలి పీడనంలో మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. కంప్రెసర్ దాన్ని నొక్కి వేడెక్కిస్తుంది. రేడియేటర్ ముందున్న కండెన్సర్‌లో ఆ వేడి బయటి గాలికి పోయి గ్యాస్ ద్రవమవుతుంది. డ్రయర్ అందులోని తేమను పీల్చుకుంటుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లోని సన్నని దారి దాటగానే పీడనం పడిపోయి, డ్యాష్‌బోర్డు వెనక ఉన్న కూలింగ్ కాయిల్‌లో అది మరుగుతుంది. బ్లోయర్ గాలి ఆ కాయిల్ మీదుగా వచ్చేసరికి చల్లబడుతుంది, అందులోని తేమ నీళ్లయి కారు కిందికి కారుతుంది. ఆ నీళ్లు చూసి భయపడే గిరాకీకి ముందు ధైర్యం చెప్పండి. అవే నీళ్లు లోపల కాళ్ల కింద కనిపిస్తే మాత్రం డ్రెయిన్ పైపు మూసుకుపోయినట్టు.

అందుకే గేజ్ కంటే ముందు చెయ్యి. ఏసీ నడుస్తుండగా లావు పైపు చల్లగా, పైన చెమట పట్టినట్టు ఉండాలి. సన్న పైపు వేడిగా ఉండాలి. కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కు పోయే పైపును గట్టిగా పట్టుకోకండి, చెయ్యి కాలుతుంది. బెల్టు, ఫ్యాన్ తిరిగే చోట వదులు చొక్కా చేతులు, మెడలో తువ్వాల వద్దు.

గేజ్ ఏం చెబుతుంది

బండి ఆపి ఉన్నప్పుడు రెండు ముళ్లూ ఒకే దగ్గర నిలుస్తాయి. 35 డిగ్రీల ఎండలో అది సుమారు 115 పీఎస్ఐ. చాలామంది ఇక్కడే పొరబడతారు. లోపల కొంచెం ద్రవం మిగిలి ఉన్నా ముల్లు అంతే చూపిస్తుంది కాబట్టి, ఆగిన బండిలో గేజ్ చూసి గ్యాస్ నిండుగా ఉందనడానికి వీల్లేదు. ఇంజిన్ నడిపి చూడాలి. మన ఎండల్లో లో సైడ్ (లావు పైపు వైపు) సుమారు 30 నుంచి 50, హై సైడ్ (సన్న పైపు వైపు) 200 నుంచి 270 పీఎస్ఐ మధ్య ఉంటే మామూలే.

రెండూ తక్కువగా ఉంటే గ్యాస్ తక్కువ, లీక్ వెతకాలి. హై సైడ్ మరీ ఎక్కితే కండెన్సర్ మీద నీళ్లు పోసి చూడండి. ముల్లు వెంటనే దిగిందంటే గాలి ఆడటం లేదు: ఫ్యాన్ అయినా తిరగడం లేదు, కండెన్సర్ అయినా మూసుకుపోయింది. వరికోతల రోజుల్లో లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి దాకా తిరిగే బండ్ల కండెన్సర్లలో దుమ్ము, పొట్టు పేరుకుపోవడం మామూలు. రోడ్డు మీద పరుగెత్తేటప్పుడు చల్లగా ఉండి, కామారెడ్డి బస్టాండ్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగగానే వేడి గాలి వస్తోందని ట్యాక్సీ డ్రైవర్ అన్నాడంటే ముందు ఫ్యాన్ చూడాలి. అలాంటి బండికి గ్యాస్ కొడితే రోగం ముదురుతుంది.

లో సైడ్ ఎక్కువ, హై సైడ్ తక్కువ ఉంటే కంప్రెసర్ నొక్కలేకపోతోంది. లో సైడ్ సున్నా కిందికి జారితే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర అడ్డు. కాసేపు చల్లగా వచ్చి ఆగిపోయి, బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేశాక చల్లబడుతుంటే లోపల తేమ చేరి వాల్వ్ దగ్గర మంచు కడుతోందేమో చూడండి.

లీక్ వెతికి, తూచి నింపండి

గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా బయటికి వస్తుంది. జాయింట్ దగ్గర జిడ్డుగా, దుమ్ము అంటుకుని నల్లగా మరక కనిపిస్తే సగం పని అయినట్టే. అక్కడ సబ్బు నురుగు రాసి చూడండి. కనిపించకపోతే రెగ్యులేటర్ పెట్టి పొడి నైట్రోజన్ ఎక్కించి పరీక్షించాలి. వెల్డింగ్ షాపు పక్కనే ఉంది కదా అని ఆక్సిజన్ ఎక్కించొద్దు. ఆయిల్‌తో కలిస్తే పేలుతుంది. కూలింగ్ కాయిల్ లీకైతే డ్యాష్‌బోర్డు విప్పాలి, కూలీ ఎక్కువవుతుంది. విప్పకముందే యూవీ డై వేసి, డ్రెయిన్ నీళ్లలో ఆ రంగు వస్తోందో లేదో చూసుకోండి.

లీక్ సరిచేశాక ఓ-రింగ్, డ్రయర్ మార్చి, కనీసం అరగంట వాక్యూమ్ తియ్యండి. 29 అంగుళాల వాక్యూమ్‌లో నీళ్లు 25 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి లోపలి తేమ ఆవిరై బయటికి వచ్చేస్తుంది. పంపు ఆపి పావుగంట ముల్లు కదలకుండా ఉంటేనే గ్యాస్ నింపాలి. ఎంత నింపాలో బానెట్ కింద స్టిక్కర్ మీద గ్రాముల్లో రాసి ఉంటుంది. త్రాసు మీద పెట్టి అంతే నింపండి. ఎక్కువైతే చల్లదనం పెరగకపోగా హై సైడ్ ఎక్కి కంప్రెసర్ మీద భారం పడుతుంది. కళ్లద్దాలు, గ్లవ్స్ లేకుండా పైపు విప్పొద్దు. ఎగజిమ్మే గ్యాస్ చర్మాన్ని, కంటిని గడ్డకట్టిస్తుంది. తక్కువ ధరకు వచ్చే, పేరులేని సిలిండర్ల జోలికి అసలే పోవద్దు.

గ్యాస్ తప్పు లేనప్పుడు

ముళ్లు రెండూ సరిగ్గా ఉండి, లావు పైపు చల్లగా ఉండి, లోపల మాత్రం గాలి వెచ్చగా వస్తే చూడాల్సింది హీటర్ వైపు. ఇంజిన్‌ను చల్లబరిచి సుమారు 90 డిగ్రీల వేడితో వచ్చే కూలెంట్ నీళ్లే హీటర్ కోర్‌లోకి పోతాయి. చల్లగాలి, వేడిగాలి కలిపే చిన్న తలుపు ఇరుక్కుపోతే ఎంత గ్యాస్ ఉన్నా లాభం లేదు. గాలే తక్కువ వస్తుంటే క్యాబిన్ ఫిల్టర్ బయటికి తీసి చూడండి. డిసెంబర్ పొద్దున అద్దం మీద మంచు కమ్ముతోందని అడిగేవాళ్లకు ఏసీ, హీటర్ రెండూ కలిపి వేయమని చెప్పండి. ఏసీ తేమ లాగేస్తుంది, వెచ్చటి గాలి అద్దాన్ని ఆరబెడుతుంది.

ఎక్కడ నేర్చుకోవాలి, ఎటు పోవాలి

పదో తరగతి పాసైతే ఐటీఐలో రెండేళ్ల మెకానిక్ మోటార్ వెహికిల్ గానీ, రెండేళ్ల రెఫ్రిజిరేషన్ అండ్ ఎయిర్ కండిషనింగ్ టెక్నీషియన్ గానీ తీసుకోవచ్చు. మొదటిది తీసుకున్నవాళ్లు గ్యాస్ పని, రెండోది తీసుకున్నవాళ్లు కారు వైరింగ్ షెడ్డులో నేర్చుకోవాలి. వైరింగ్ రానివాడు ఏసీ పనిలో సగం దూరమే పోతాడు. రిలే, ప్రెజర్ స్విచ్, బ్లోయర్ రెసిస్టర్ చూడటానికి మల్టీమీటర్ ఒకటి సొంతంగా కొనుక్కోండి.

కామారెడ్డి మీదుగా 44వ జాతీయ రహదారి పోతుంది. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే మూడున్నర టన్నులు దాటిన సరుకు లారీలన్నిటికీ క్యాబిన్ ఏసీ ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. వారంటీ అయ్యాక ఆ లారీలు రోడ్డు పక్క షెడ్లకే వస్తాయి. ఎలక్ట్రిక్ కార్లలో కంప్రెసర్ బ్యాటరీ కరెంటుతో నడుస్తుంది. అందులో మామూలు కార్ల కంప్రెసర్లలో వాడే పీఏజీ ఆయిల్ పోస్తే ఇన్సులేషన్ దెబ్బతింటుంది. నారింజ రంగు కేబుళ్లను శిక్షణ లేకుండా ముట్టుకోవద్దు. గ్యాసూ మారబోతోంది: కిగాలి ఒప్పందం ప్రకారం ఆర్-134ఏ లాంటి గ్యాసుల వాడకాన్ని మన దేశం 2032 నుంచి తగ్గించుకుంటూ రావాలి. కొత్త గ్యాస్ పద్ధతులు ఇప్పటి నుంచే తెలుసుకోండి.

గల్ఫ్‌కు పోవాలనుకుంటే ఆటో ఏసీ టెక్నీషియన్ అన్న పేరుతోనే వీసా అడగండి, హెల్పర్ వీసా మీద పోయి అక్కడ చూసుకుందామనుకోవద్దు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో ముందు విచారించండి. లైసెన్సున్న ఏజెంటు అయినా సేవా రుసుముగా 30,000 రూపాయలు, జీఎస్టీ మించి తీసుకోకూడదు.

ఇవాళ్టి నుంచే ఒక నోటుబుక్ పెట్టండి. ప్రతి బండికీ బయటి ఎండ, లో, హై, లోపల గాలి వేడి, దొరికిన కారణం, నింపిన గ్రాములు రాయండి. ఒక ఎండాకాలం గడిచేసరికి పని అడగడానికి పోయినప్పుడు సర్టిఫికెట్ పక్కన పెట్టదగ్గ కాగితం అవుతుంది. బిల్లు మీద కూడా "గ్యాస్ ఫిల్లింగ్" అని ఊరుకోకుండా లీక్ ఎక్కడ పట్టారో, ఏం మార్చారో రాసి ఇవ్వండి. పక్క షెడ్డులో తక్కువకే చేస్తారని బేరమాడే గిరాకీకి మీ కూలీ ఎందుకు ఎక్కువో ఆ రెండు వాక్యాలే చెబుతాయి.