క్షేత్ర ప్రయోగాల ఛాయాచిత్రాలకు తేదీ ఆధారిత నామకరణం: విధానం, జాగ్రత్తలు

ప్రస్తావన

క్షేత్ర ప్రయోగాలలో మొక్క ఎత్తు, పిలకల సంఖ్య, పొడి బరువు వంటి కొలతలను నమోదు చేయడంలో మనం చూపే శ్రద్ధ ఛాయాచిత్రాల విషయంలో కనిపించదు. కొలతల పుస్తకంలో తేదీ లేని పుటను ఏ పరిశోధకుడూ అంగీకరించడు. కాని పంటకాలం ముగిసేసరికి కంప్యూటరులో పోగుపడే వందలాది ఫొటోలు మాత్రం కెమెరా ఇచ్చిన వరుస సంఖ్యలతోనే మిగిలిపోతాయి.

కొన్నేళ్ల క్రితం నా మార్గదర్శకత్వంలో జరిగిన ఒక వరి కలుపు యాజమాన్య ప్రయోగంలో ఈ నిర్లక్ష్యానికి మూల్యం చెల్లించవలసి వచ్చింది. నాటిన 20వ రోజున, 40వ రోజున ప్రతి మడినీ ఫొటో తీయించాము. రెండవ విడతకు ముందు కొత్త మెమరీ కార్డు వేయడంతో కెమెరా లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలైంది. రెండు విడతలనూ ఒకే ఫోల్డరులోకి కాపీ చేసేటప్పుడు, అదే పేరుతో ఉన్న పాత ఫైలు స్థానంలో కొత్తదాన్ని ఉంచమంటారా అని కంప్యూటరు అడిగింది, విద్యార్థి సరేనన్నాడు. మౌఖిక పరీక్షలో పరీక్షకులు 20వ రోజు చిత్రాన్ని చూపి, ఈ వయసులో వరుసల మధ్య నేల కనిపించనంతగా పైరు కమ్ముకుంటుందా అని ప్రశ్నించే వరకు మాకెవరికీ అనుమానం రాలేదు. ఆ చిత్రాలన్నింటినీ సిద్ధాంత గ్రంథం నుంచి తొలగించవలసి వచ్చింది. తప్పు విద్యార్థి ఒక్కడిదే కాదు. ఫొటోలను భద్రపరిచే పద్ధతిని నేర్పని నాది కూడా.

ఫొటోలోనే నిక్షిప్తమై ఉండే తేదీ ఆధారంగా ఫైళ్లన్నింటికీ ఒకేసారి పేర్లు మార్చే విధానాన్ని, అందులో పాటించవలసిన జాగ్రత్తలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కెమెరా ఇచ్చే పేర్లలోని లోపం

డిజిటల్ కెమెరాలు సాధారణంగా డీసీఎఫ్ ప్రమాణాన్ని అనుసరించి ఫైళ్లకు పేర్లు పెడతాయి. నాలుగు అక్షరాల తరువాత 0001 నుంచి 9999 వరకు నాలుగు అంకెల సంఖ్య ఉంటుంది. 9999 దాటగానే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. అమరికను బట్టి కొన్ని కెమెరాలలో కార్డు మార్చినప్పుడు కూడా ఇలాగే జరుగుతుంది. ఒకే సంస్థ తయారుచేసిన రెండు కెమెరాలను వాడితే రెండింటిలోనూ ఒకే పేరుగల ఫైళ్లు ఏర్పడవచ్చు. అందువల్ల ఈ పేరు ఫొటోకు గుర్తింపు సంఖ్యగా పనికిరాదు.

ఏ తేదీని నమ్మాలి?

ఒక ఫొటోకు సంబంధించి కంప్యూటరులో పలు తేదీలు కనిపిస్తాయి. విండోస్‌లో ఫైలును కాపీ చేస్తే, సృష్టించిన తేదీగా కాపీ చేసిన తేదీ నమోదవుతుంది. ఫొటోను కత్తిరించి లేదా వెలుగు సరిచేసి భద్రపరిస్తే సవరణ తేదీ మారిపోతుంది. ఇవి ఫైలుకు సంబంధించిన తేదీలే తప్ప పంటను చూసిన తేదీలు కావు.

ఫొటో తీసిన సమయం ఎక్సిఫ్ అనే మెటాడేటాలో ఉంటుంది. ఈ ప్రమాణాన్ని జపాను ఎలక్ట్రానిక్ పరిశ్రమ అభివృద్ధి సంఘం 1995లో తొలిసారి వెలువరించింది. ఇందులో మూడు తేదీలుంటాయి. డేట్‌టైమ్ ఒరిజినల్ అనేది దృశ్యాన్ని తీసిన సమయం. డేట్‌టైమ్ డిజిటైజ్డ్ అనేది ఆ దృశ్యం డిజిటల్ రూపం పొందిన సమయం. కెమెరా ఫొటోలలో ఈ రెండూ ఒకటే. పాత ఫిల్ము ఫొటోను స్కాన్ చేసినప్పుడు వేరవుతాయి. మూడవదైన డేట్‌టైమ్ ఫైలులో చివరి మార్పు జరిగిన సమయం. నామకరణానికి మొదటిదానినే ఆధారంగా తీసుకోవాలి.

నామకరణ నియమం

పేరులో సంవత్సరం, నెల, రోజు, గంట, నిమిషం, సెకను ఈ వరుసలోనే రావాలి. ఐఎస్ఓ 8601 ప్రమాణం సూచించే క్రమం కూడా ఇదే. రోజు ముందు వచ్చేలా రాస్తే 05-09-2024 అన్న ఫైలు 21-08-2024 కంటే ముందు చేరి, సెప్టెంబరు ఫొటో ఆగస్టు ఫొటోకు ముందు కనిపిస్తుంది. సంవత్సరంతో మొదలుపెడితే అక్షరక్రమమే కాలక్రమం అవుతుంది.

చివర కెమెరా ఇచ్చిన నాలుగు అంకెలను వదలకుండా ఉంచడం మంచిది. ఉదాహరణకు 2024-08-21_09-35-12_0427. ఒకే సెకనులో రెండు ఫొటోలు తీసినా పేర్లు వేరుగా ఉంటాయి. అవసరమైతే మూల ఫైలును సులభంగా గుర్తించవచ్చు. రెండు కెమెరాలుంటే ప్రతిదానికి ఒక అక్షరం చేర్చాలి. ఎక్సిఫ్ తేదీలో కోలన్ గుర్తులుంటాయి; విండోస్ ఫైలు పేర్లలో వాటికి అనుమతి లేదు కనుక అడ్డగీతలు వాడాలి.

నాటిన తరువాత రోజుల సంఖ్యను పేరులో చేత్తో రాయరాదు. నాట్లు జూలై 22న వేస్తే పై ఫొటో 30వ రోజుదని తేదీయే చెబుతుంది. నాటిన తేదీ తప్పుగా నమోదైందని తరువాత తెలిసినా ఫైళ్ల పేర్లు చెక్కుచెదరవు.

కాలక్రమం వల్ల మరొక ప్రయోజనం ఉంది. ప్రతి మడి వద్ద ముందుగా ఆ మడి సంఖ్య, ట్రీట్‌మెంటు, రెప్లికేషను రాసిన పలకను ఫొటో తీసి, ఆ తరువాత పైరును తీయాలి. ఒక పలకకూ తరువాతి పలకకూ నడుమ ఉన్న ఫొటోలన్నీ మొదటి పలక మడికి చెందినవే. వరుస చెదిరితే ఈ ఏర్పాటు నిష్ఫలమవుతుంది.

అమలు చేసే విధానం

ఈ పనికి ఫిల్ హార్వే రూపొందించిన ఎక్సిఫ్‌టూల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అనువైనది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ ఆదేశాల ద్వారా పనిచేస్తుంది. క్రమం ఇది:

1. కార్డులోని ఫొటోలను ఒక ఫోల్డరులోకి కాపీ చేసి, దానిని ముట్టుకోకుండా ఉంచాలి. పని అంతా మరొక కాపీపైనే చేయాలి.

2. అన్ని ఫైళ్ల డేట్‌టైమ్ ఒరిజినల్ విలువలను పట్టికగా తీసి పరిశీలించాలి. ఖాళీగా ఉన్నవి, పంటకాలానికి వెలుపలి తేదీలు ఉన్నవి వెంటనే బయటపడతాయి.

3. కెమెరా గడియారంలో తేడా ఉంటే ముందు దానిని సరిచేయాలి. అన్ని తేదీలనూ ఒకే వ్యవధితో ముందుకు లేదా వెనుకకు జరిపే సౌకర్యం ఎక్సిఫ్‌టూల్‌లో ఉంది.

4. పేర్లను నిజంగా మార్చకుండా, మార్చితే ఎలా ఉంటాయో చూపే టెస్ట్‌నేమ్ సౌకర్యంతో ప్రయత్నించి చూడాలి.

5. సరిగా ఉన్నాయని నిర్ధారించుకున్నాక పేర్లు మార్చాలి. ముందు, తరువాత ఫైళ్ల సంఖ్య సమానంగా ఉండాలి. పాత పేరు, కొత్త పేరు పట్టికను ప్రయోగ దత్తాంశంతోపాటు భద్రపరచాలి.

జాగ్రత్తలు

మెటాడేటాలోని తేదీ గడియారం చెప్పిన మాట మాత్రమే. గడియారం తప్పితే వెయ్యి ఫైళ్లకూ ఒకే క్షణంలో తప్పు పేరు పడుతుంది. గడియారాన్ని అమర్చేటప్పుడు ఉదయం, సాయంత్రం తారుమారై 12 గంటలు వెనుకబడిందనుకుందాం. 21వ తేదీ ఉదయం 9 గంటల ఫొటో 20వ తేదీ రాత్రి 9 గంటలదిగా, మధ్యాహ్నం 2 గంటల ఫొటో 21వ తేదీ వేకువ 2 గంటలదిగా నమోదవుతాయి. ఒకే రోజు పరిశీలన రెండు తేదీలుగా విడిపోతుంది. ప్రతి క్షేత్ర సందర్శనలోనూ మొదటి ఫొటోగా మొబైలు తెరపై కనిపించే తేదీ, సమయాలను కెమెరాతో తీస్తే ఎంత తేడా ఉందో తరువాత కచ్చితంగా లెక్కించవచ్చు.

జీపీఎస్ సమయాన్ని నామకరణానికి నేరుగా వాడరాదు. అది అంతర్జాతీయ సమయంలో ఉంటుంది; మన సమయం కంటే 5 గంటల 30 నిమిషాలు వెనుక. నీటి ఎద్దడిలో ఆకుల స్థితిని వేకువ 5 గంటలకు ఫొటో తీస్తే జీపీఎస్ తేదీ ముందురోజు 23:30గా ఉంటుంది. వీడియో ఫైళ్లలోని సమయం కూడా తరచుగా అంతర్జాతీయ సమయమే కనుక వాటిని ఫొటోలతో కలపక విడిగా పరిశీలించాలి.

విస్తరణ శాస్త్రవేత్తలకు రైతుల నుంచి వాట్సాప్ ద్వారా అందే ఫొటోలలో తీసిన తేదీ తొలగిపోయి ఉంటుంది. ఫైలు పేరులో కనిపించే తేదీ పంట దశను నిర్ధారించదు. తెగులు ఎప్పుడు కనిపించిందన్నది ముఖ్యమైనప్పుడు, ఫొటోను డాక్యుమెంటు రూపంలో పంపమని రైతును కోరాలి. అప్పుడు మూల ఫైలు మార్పు లేకుండా చేరుతుంది.

తేదీ లేని ఫొటోలకు సవరణ తేదీని అతికించి వరుసలో చేర్చడం అన్నింటికంటే ప్రమాదకరం. పేరు చూసినవారికి అది నిర్ధారిత తేదీగానే తోస్తుంది. అటువంటివాటిని తేదీ నిర్ధారణ కానివిగా వేరే ఫోల్డరులో ఉంచాలి. దత్తాంశ పట్టికలో లోపించిన విలువను ఊహించి నింపం కదా!

ముగింపు

పేరు మార్చే పని కంప్యూటరు నిమిషాలలో చేస్తుంది. గడియారాన్ని సరిచూడడం, పలకను ఫొటో తీయడం, మూల ఫైళ్లను కాపాడడం మాత్రం పరిశోధకుని బాధ్యత. స్నాతకోత్తర విద్యార్థులు మొదటి క్షేత్ర సందర్శన నుంచే ఈ పద్ధతిని పాటించి, ప్రతి విడత ఫొటోలకు ఆ రోజే పేర్లు మార్చుకోవాలి. మార్గదర్శకులు కొలతల పుస్తకంతోపాటు ఫొటోల పట్టికను కూడా తనిఖీ చేయాలి. తేదీ నిలిచిన ఫొటో సాక్ష్యమవుతుంది. తేదీ చెదిరినది అలంకారంగా మాత్రమే మిగులుతుంది.