పాఠమునకు గురి

(బడి ఉపాధ్యాయులకును, సండేస్కూలు బోధకులకును, తలిదండ్రులకును)

చదువవలసిన వాక్యభాగము: లూకా 10:25–37



మన పాయకరావుపేటలో మగ్గము ఎరుగనివారు అరుదు. నేతగాడు పడుగు ఎక్కించుటకు ముందే చీర పొడవెంతో, వెడల్పెంతో, అంచు ఏ రంగో నిశ్చయించుకొనును. పడుగు ఎక్కిన పిమ్మట వెడల్పు మార్చ వీలుండదు. అయితే పాఠము చెప్పు మనము అనేక పర్యాయములు గురి నిశ్చయించుకొనకయే తరగతిలో ప్రవేశించుచున్నాము. పుటలు ముగియును, గంట కొట్టుదురు, పిల్లలు ఇండ్లకు పోవుదురు. వారు నేడు ఏమి నేర్చిరని ఎవరైన అడిగినచో జవాబు చెప్పుట కష్టము. కావున పాఠమునకు గురి వ్రాసికొనుట ఎట్లో ఈ నెల ఆలోచింతము.

1. గురి ఎవరిది?

“నేడు మూడవ తరగతికి ఒత్తులు చెప్పవలెను” అని మనము పుస్తకములో వ్రాసికొందుము. అది మన పని; గురి కాదు. మనము చక్కగా చెప్పినను పిల్లవాడు నేర్వకపోవచ్చును. గంట ముగియునప్పటికి పిల్లవాడు, నిన్న చేయలేని దేనిని నేడు చేయగలడు? ఈ ప్రశ్నకు జవాబే గురి. అమెరికా దేశపు విద్యావేత్త రాల్ఫ్ టైలర్ 1949లో వెలువడిన తన గ్రంథములో ఈ సంగతినే నొక్కి చెప్పెను: గురి ఉపాధ్యాయుని పనిని గాక, విద్యార్థిలో రావలసిన మార్పును తెలుపవలెను.

2. కంటికి కనబడు మాట

“తెలిసికొనును”, “గ్రహించును” అను మాటలు మంచివే గాని, పిల్లవాడు గ్రహించెనో లేదో ముఖము చూచి చెప్పలేము. చదువును, వ్రాయును, వేరుచేయును, లెక్కించును, తన మాటలలో చెప్పును – ఇట్టివి కంటికి కనబడును, చెవికి వినబడును. రాబర్ట్ మేగర్ అను మరియొక అమెరికా విద్యావేత్త 1962లో ప్రకటించిన చిన్న పుస్తకములో మూడు అంశములు చూపెను. పిల్లవాడు ఏమి చేయవలెను? ఏ పరిస్థితిలో చేయవలెను? ఎంతమట్టుకు సరిగా చేసినచో చాలును?

ఒత్తుల పాఠమునే తీసికొందము. “అక్క, మగ్గము, బుట్ట, పువ్వు మొదలైన ద్విత్వాక్షరములు గల పది క్రొత్త మాటలను పలకమీద వ్రాసి చూపినప్పుడు, ప్రతి పిల్లవాడు ఎవరి సహాయము లేక ఎనిమిదింటినైన చదువును.” ఇందులో ఆ మూడును ఉన్నవి.

లెక్కలలోను అంతే. “తీసివేత నేర్చును” అనుటకంటె, “64 రూపాయల చేపలు కొని వంద నోటు ఇచ్చినచో తిరిగి రావలసిన చిల్లర వ్రేళ్లు లెక్కింపక చెప్పును” అనుట మేలు. పెంటకోట రేవున చేపలమ్ము తల్లి కూడ ఆ గురిని అర్థము చేసికొనును. తన బిడ్డ దానిని అందుకొనెనో లేదో రాత్రి ఇంటిలోనే పరీక్షింపగలదు.

3. వెనుక వరుస బిడ్డ

తరగతి అంతయు ఒక్క గొంతుతో వల్లించునప్పుడు వెనుక కూర్చున్న బిడ్డ పెదవులును కదలును. కాని పుస్తకము చేతికిచ్చి ఒక్కతెనే చదువుమన్నచో ఆమె మౌనముగా నిలుచును. సండేస్కూలులోను ఇట్లే జరుగును. కంఠత వాక్యము తప్పులేక చెప్పు పిల్లలలో ఆ వాక్యమును బైబిలు తెరచి చూపలేనివారు ఉందురు. స్పష్టమైన గురి లేనిచోట ఇట్టి బిడ్డ ఏండ్ల తరబడి ఎవరి కంటను పడదు. గురి వ్రాసికొన్న ఉపాధ్యాయుడు మొదట ఆమెనే అడుగును. ఆమె చేయగలిగినచో పాఠము ముగిసినది. చేయలేనిచో రేపు మరియొక విధముగా చెప్పవలెను. ఇట్లు చూచిన గురి పిల్లలను వడగట్టు జల్లెడ కాదు, మన బోధను పరీక్షించు కొలబద్ద.

4. నేటి ప్రభుత్వ గురులు

2017లో జాతీయ విద్యాపరిశోధన శిక్షణ మండలి, ఎనిమిదవ తరగతి వరకు ఏ తరగతిలో ఏమి నేర్వవలెనో ప్రకటించెను. 2021 జూలై 5న కేంద్రప్రభుత్వము నిపుణ్ భారత్ అను కార్యక్రమము ఆరంభించెను. మూడవ తరగతి ముగించు ప్రతి బిడ్డయు నిమిషమునకు 60 మాటలైన అర్థముతో చదువవలెననియు, 9999 వరకు సంఖ్యలు చదివి వ్రాయవలెననియు దాని గురి. ఇందులో “అర్థముతో” అను మాటను మరువరాదు. తెలుగులో విభక్తులును సంధులును కలిసి ఒక్కొక్క మాట పొడవగును. కావున గడియారము చూచుటతో తృప్తిపడక, చదివినదేమో చెప్పుమని బిడ్డను అడుగవలెను.

5. గురికి అందనిది

అయితే సమస్తమును కొలువగలమా? దయ, సత్యము, భక్తి ఒక గంటలో ముగియు పాఠములు కావు. వాటికి మార్కులు వేయ పూనుకొనరాదు. వ్రాసికొన్న గురి ఆ దినపు పాఠమునకే గాని, బిడ్డ జీవితమంతటికిని కాదు.

అయినను మన వాక్యభాగమును గమనించుడి. ధర్మశాస్త్రోపదేశకుడు తన పొరుగువాడెవడని అడిగెను. ప్రభువు పొరుగువాడను మాటకు అర్థము వివరింపలేదు. కథ చెప్పి, ఆ ముగ్గురిలో పొరుగువాడైనదెవడో అతని నోటనే చెప్పించెను; తుదకు పోయి తానును అట్లే చేయవలెనని పంపివేసెను. విన్నవాడు చేయవలసిన పనితో ఆ పాఠము ముగిసినది. మన పాఠములును అట్లు ముగియవలెను.

ఆలోచించుటకు:

(1) వచ్చు ఆదివారపు పాఠమునకు ఒక్క వాక్యములో గురి వ్రాయుడి. అందులో చేయువారు మీరా, పిల్లలా?

(2) మీ తరగతిలో అందరితో కలిసి పలుకునే గాని ఒంటరిగా చదువలేని బిడ్డ ఎవరు?

(3) తలిదండ్రులారా, నేడు ఏమి చెప్పిరని గాక, నేడు ఏమి చేయ నేర్చితివని మీ బిడ్డను అడుగుచున్నారా?