ఆకులోని ఆమ్లం: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధన నేర్పే పాఠం

"ఆకుకూరలు తింటే రక్తం పడుతుంది" అని మన పెద్దలు గర్భిణులకు చెప్పడం పరిపాటి. ఈ మాటలో నిజమెంత? ఆకులో ఉండి ఆ పని చేసే పదార్థమేది? ఈ ప్రశ్నకు సమాధానం వెదికినవారిలో ముఖ్యులు భీమవరంలో 1895లో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు.

వైద్యశాల నుండి ప్రయోగశాలకు

సుబ్బారావుగారి సోదరుడు పురుషోత్తం స్ప్రూ వ్యాధితో మరణించారు. ఆహారం ఒంటబట్టక, విరేచనాలతో దేహం శుష్కించి, రక్తం క్షీణించే వ్యాధి ఇది. ఆయుర్వేదం వర్ణించే గ్రహణీ లక్షణాలకు చాలా దగ్గరగా ఉంటుంది. మద్రాసులో వైద్యవిద్య పూర్తిచేసిన సుబ్బారావుగారు డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించారు. 1922లో అమెరికా చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ, పొట్టపోసుకోవడానికి ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం చేశారు.

తిన్న అన్నం శక్తిగా మారేదెట్లు?

ఈ మార్పును ఆయుర్వేదం జఠరాగ్ని, ధాత్వగ్ని అనే మాటలతో వివరిస్తుంది. ఆధునిక శాస్త్రం దీనిని జీవక్రియ అంటుంది. రెండు వివరణలూ ఒకటే అనడం సరికాదు గాని, రెండింటి ప్రశ్న ఒక్కటే. సుబ్బారావుగారు తమ ఆచార్యులు సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో రక్తమూత్రాదులలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఆ కొలత సాయంతో 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను, అనగా ఏ.టి.పి.ని, గుర్తించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడ ఏ.టి.పి.ని కనుగొన్నారు. జీవకణం తన పనులకు ఖర్చుపెట్టే నాణెం ఏ.టి.పి. సూర్యరశ్మి నుండి ఆకు సమకూర్చుకొనేదీ దీనినే.

ఆకు నుండి ఔషధం

లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంతో అది నయమవుతున్నదని 1931లో ప్రకటించారు. 1941లో అమెరికాలోని టెక్సాస్ శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుండి ఒక పదార్థాన్ని సేకరించి, లాటిన్‌లో ఆకును సూచించే 'ఫోలియమ్' అనే మాటతో ఫోలిక్ ఆమ్లమని పేరుపెట్టారు. అప్పటికి లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వం వహిస్తున్న సుబ్బారావుగారి బృందం 1945లో దానిని కృత్రిమంగా తయారుచేసింది. సోదరుని కబళించిన స్ప్రూకు అది ఔషధమైంది.

కణాలు విభజన చెందడానికి ఫోలేట్ అవసరం. అది చాలకపోతే ఎర్రకణాలు సరిగా పక్వం కావు. మొక్కలు దీనిని తామే నిర్మించుకుంటాయి. మానవదేహానికి ఆ సామర్థ్యం లేదు. క్యాన్సరు కణాలకూ ఇది కావాలి గనుక, ఆ బృందమే ఫోలేట్‌ను అడ్డగించే మందులను కూడ తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్‌తో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1948లో రక్తక్యాన్సరు గల పిల్లలకు తాత్కాలిక ఉపశమనం కలిగించగలిగారు. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావుగారు పరమపదించారు.

గృహిణులు గ్రహించవలసినవి

1. తోటకూర, పాలకూర, మెంతికూర, పెసలు, శనగలు ఫోలేట్‌కు మంచి ఆధారాలు. ఇది నీటిలో కరిగిపోతుంది, వేడికి నశిస్తుంది. కనుక ఆకును తరిగే ముందే కడగాలి. కొద్ది నీటితో, మూతపెట్టి, స్వల్పకాలం ఉడికించాలి. ఉడికిన నీటిని పారబోయక పప్పులోనో చారులోనో కలపాలి.

2. గర్భస్థ శిశువు మెదడు, వెన్నుపాములకు మూలమైన నాళం 28 రోజులలోపే మూసుకొంటుంది. అప్పటికి తల్లికి తాను గర్భవతినన్న సంగతే తెలియకపోవచ్చు. కనుక సంతానం కోరే స్త్రీ గర్భధారణకు ముందు నుండే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం వైద్యుని సలహాతో తీసుకోవాలి. ఆకుకూర ఎంత మంచిదైనా ఈ మాత్రకు బదులు కాదు.

3. రక్తహీనతలన్నీ ఒకటి కావు. ఇనుము లోపమో, బి12 లోపమో కావచ్చు. శాకాహారులకు బి12 లోపించే అవకాశం ఎక్కువ. అట్టివారు ఫోలిక్ ఆమ్లం మాత్రమే వాడితే రక్తం మెరుగైనట్లు కనిపించినా లోపల నరాలు దెబ్బతినవచ్చు. పరీక్ష చేయించుకోకుండా నెలల తరబడి మాత్రలు మింగరాదు.

పెద్దల మాటను సుబ్బారావుగారి తరం శాస్త్రజ్ఞులు కొట్టిపారేయలేదు, గుడ్డిగా నమ్మనూలేదు. ఆకులో ఏమున్నది, ఎంత ఉన్నది, దేహంలో ఏం చేస్తుంది అని కొలిచి చూశారు. మన వంటింటి వైద్యానికీ ఆ కొలమానమే శ్రేయస్కరం.