పసరు లేని ప్రయాణం

మార్గశిరం ప్రవేశించిందంటే చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతాలలో ఉదయాల తీరే మారిపోతుంది. కందిచేలపై మంచు తెరలు తెరలుగా పరచుకొంటుంది. తెలవారక మునుపే ఆకుకూరలు, క్యారెట్లు, పూలు నగరానికి తరలిపోతాయి. గొంగళి కప్పుకొన్న వృద్ధులు చలిమంట చుట్టూ చేరుతారు. ప్రొద్దు త్వరగా గ్రుంకడంతో రాత్రి దీర్ఘమవుతుంది. ఉడికించిన అనపకాయలు ఒలుచుకొంటూ ఇంటిల్లిపాదీ టెలివిజన్ ముందు కూర్చుంటారు. తెరపై హిమశిఖరాలు మెరుస్తాయి, ఎన్నడూ పేరు వినని పట్టణాల వీథులు కదలాడుతాయి. చూస్తున్న యువకుని మనస్సు ఊరి పొలిమేర దాటిపోతుంది.

ఈ ఆకర్షణ నేటిది కాదు. 1990లో దూరదర్శన్‌లో ప్రారంభమైన 'సురభి' కార్యక్రమం దేశం నలుమూలల కళలను, కట్టడాలను, ఆచారాలను ఇంటింటికీ తెచ్చి చూపింది. అందులోని ప్రశ్నలకు సమాధానాలు వ్రాస్తూ ప్రేక్షకులు లక్షల కొలది ఉత్తరాలు పంపేవారు. తరువాత వచ్చిన యాత్రా ప్రసారాలు ఆ ఉత్సుకతను ఖండాంతరాలకు విస్తరింపజేశాయి.

అయితే, చూడని దేశాల ముచ్చట విని మనస్సు చలించడం తెలుగు సాహిత్యానికి క్రొత్త విషయం కాదు. అల్లసాని పెద్దన 'మనుచరిత్ర'లోని ప్రవరుడు నిత్యకర్మానుష్ఠానపరుడైన గృహస్థు. తీర్థాలు చూడాలన్న కోరిక ఉన్నా ఇల్లు కదలలేనివాడు. ఒకనాడు అతిథిగా వచ్చిన సిద్ధుడు తాను దర్శించిన పుణ్యక్షేత్రాలను వర్ణించాడు. ఇంత చిన్న వయస్సులో అన్ని దేశాలు ఎట్లా చూడగలిగారని ప్రవరుడు ఆశ్చర్యపోయాడు. సిద్ధుడిచ్చిన పసరు పాదాలకు పూసుకొని క్షణాలలో హిమాలయాన్ని చేరుకొన్నాడు. కాని మంచునీటికి ఆ పసరు కరిగిపోయింది. తిరిగి వెళ్ళే దారి తెలియక అతడు నిశ్చేష్టుడయ్యాడు.

నేటి ఇళ్ళలో సిద్ధుని స్థానాన్ని టెలివిజన్ ఆక్రమించింది. అది గమ్యాన్ని చూపుతుంది కాని దారిని చూపదు. బస్సు కొరకు పడిన నిరీక్షణ, ఎముకలు కొరికే చలి, చేతిలోని పైకం తరిగిపోతున్నదన్న దిగులు అరగంట ప్రసారంలో ఇమడవు. ప్రవరుని కోరిక తప్పు కాదు. నడవని దారి మీద ఆధారపడటమే అతని చిక్కుకు మూలం.

దారిని నడిచి తెలుసుకొన్నవాడు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఆయన 1830 మే నెలలో కాశీయాత్రకు బయలుదేరి, హైదరాబాదు మీదుగా ఉత్తరాదికి సాగి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చాడు. ఏ మజిలీలో మంచినీరు దొరుకుతుందో, ఏ బాట ఎట్లా ఉంటుందో శ్రద్ధగా వ్రాసుకొన్నాడు. 1838లో ముద్రితమైన 'కాశీయాత్ర చరిత్ర' ఆ శ్రద్ధకు ఫలం.

అటువంటి చూపునకు చేవెళ్ళ దారి మంచి పాఠశాల. అప్పా కూడలి నుండి మన్నెగూడ వరకు సుమారు 46 కిలోమీటర్ల రహదారి వెంట దాదాపు 900 మర్రిచెట్లు ఉన్నట్లు వృక్షప్రేమికులు లెక్కించారు. రహదారిని వెడల్పు చేయవలసిన అవసరానికీ, ఆ చెట్ల రక్షణకూ మధ్య ఏర్పడిన వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ వరకు వెళ్ళింది. ఇరుకు దారిలో ప్రయాణించేవారి ప్రాణాలూ విలువైనవే, తరాలనాటి చెట్లూ విలువైనవే. నిత్యం ఆ నీడలోనే కళాశాలకు వెళ్ళే విద్యార్థి వాటిని తలెత్తి చూడకపోతే, ఈ చిక్కుముడిని విప్పడంలో అతని మాటకు బలమెక్కడిది?

చూడదగినవి ఇంకా ఉన్నాయి. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ ఈ ప్రాంతం వైపే ప్రవహిస్తుంది. 1908 నాటి వరద నగరాన్ని ముంచెత్తిన పిమ్మట, 1920లో మూసీపై ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీపై హిమాయత్‌సాగర్ నిర్మితమయ్యాయి. శీతకాలంలో ఆ జలాశయాలకు దూరదేశాల నుండి పక్షులు వలస వస్తాయి. వాటికి ఏ పసరూ లేదు, రెక్కల శ్రమయే ఆధారం. మొయినాబాదు మండలంలోని చిలుకూరు బాలాజీ ఆలయంలో విదేశీ వీసా కోరే యువత 11 ప్రదక్షిణలు చేస్తుంది, కోరిక తీరినవారు తిరిగివచ్చి 108 చేస్తారు. ఒకే సీమలో రెక్కలు దిగేవీ ఉన్నాయి, రెక్కలు కోరేవారూ ఉన్నారు.

దూరతీరాలను కోరడం యౌవన సహజం, ఆ కోరికను అణచివేయనక్కరలేదు. తెర రగిల్చిన ఆసక్తితో ఒక శీతకాలపు ఉదయాన మర్రిచెట్ల క్రింద నాలుగు మైళ్ళు నడిచి, చూసినది ఒక పుటలో వ్రాసుకొన్న విద్యార్థి యాత్రకు అప్పుడే శ్రీకారం చుట్టినట్లు. అతడు రేపు హిమాలయానికి వెళ్ళినా దారి తప్పడు.

అర్థాలు
గ్రుంకడం = అస్తమించడం
ద్విభాషి = ఒకరి మాటను వేరొక భాషలో తెలిపేవాడు
మజిలీ = ప్రయాణంలో విడిది

ప్రశ్నలు
1. ప్రవరుని ప్రయాణానికీ, వీరాస్వామయ్య ప్రయాణానికీ గల భేదాన్ని వివరించండి.
2. టెలివిజన్‌ను సిద్ధునితో పోల్చడంలోని ఔచిత్యాన్ని చర్చించండి.
3. మీ ఊరి దారిని గురించి ఒక పుట వ్రాయండి.