ఏకాదశి ఉపవాసం, అమ్మ మాత్ర



మాది ఉంగుటూరు. అమ్మకి సాయంత్రమయ్యేసరికి కనురెప్పలు వాలిపోయేవి. పరీక్షల్లో మయస్థీనియా గ్రావిస్ అని తేలింది. 1984లో అమితాబ్ బచ్చన్‌కి బయటపడిందీ ఇదే.

నరం ఎసిటైల్‌కోలిన్ ద్వారా కండరానికి మెసేజ్ పంపుతుంది. మన సొంత యాంటీబాడీలే ఆ రిసీవర్లను దెబ్బతీస్తాయి. అందుకే వాడేకొద్దీ కండరం నీరసిస్తుంది, రెస్ట్ ఇస్తే కోలుకుంటుంది.

"మన వంశానికేదో దోషం ఉందిరా, రేపు నీకూ వస్తుందేమో" అని అమ్మ బాధ. ఇది శాపం కాదు. అరుదుగా ఒకే ఇంట్లో ఇద్దరికి కనిపించినా, చాలామందికి ఇంట్లో ఇంకెవరికీ ఉండదు.

ఓ ఏకాదశికి అమ్మ ఉపవాసంతో పాటు పిరిడోస్టిగ్మిన్ మాత్ర కూడా మానేసింది. అది పనిచేసేది కొన్ని గంటలే కదా! సాయంత్రానికి తీర్థం కూడా మింగలేకపోయింది. వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాం.

అతిగా తినేవాడికీ, అసలు తిననివాడికీ యోగం కుదరదని గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడే చెప్పాడు. అదే అమ్మకి చదివి వినిపించాను. ఇప్పుడు టైమ్‌కి మాత్ర వేసుకుని, బస్సులోనే ద్వారకా తిరుమల కొండెక్కి స్వామిని చూసొస్తోంది.

మీ ఇంట్లో ఎవరికైనా ఇది ఉంటే, ఏ డాక్టర్ దగ్గరికెళ్లినా ముందే చెప్పండి. కొన్ని యాంటీబయాటిక్స్ దీనికి పడవు. మాత్ర వేసుకుంటే వ్రతం చెడదు!